ఫోనులోని ఫోటోలు, ఫైళ్లు ఇంట్లోని సొంత సర్వర్‌లోకి చేర్చడం ఎలా?

మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా, అంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండి ఫైళ్లు దాచే కంప్యూటర్‌గా మార్చి, ఫోనులో తీసిన ప్రతి ఫోటో దానంతట అదే అందులోకి చేరేలా చేయవచ్చా అని అడిగేవారు ఈ మధ్య బాగా పెరిగారు. కారణాలు తెలిసినవే. గూగుల్ ఫోటోస్‌లో హద్దు లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు ఉచితంగా దొరికేది 15 జీబీ. మెయిళ్లు కూడా అందులోనే సర్దుకోవాలి. పిల్లల వీడియోలు తీసే ఇంటికి అది ఒక్క వేసవి సెలవులకైనా చాలదు. మరోవైపు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఆ రోజు నుంచి, బాగానే పనిచేసే ల్యాప్‌టాప్‌లు ఎన్నో అటక ఎక్కాయి. వాటిలో ఒకదాన్ని దింపితే చాలు.

ఒక ఆదివారం పడుతుంది. ప్రోగ్రామింగ్ రానక్కరలేదు.

ఇక్కడ చెప్పే పద్ధతికి ఆండ్రాయిడ్ ఫోను, లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన ల్యాప్‌టాప్, రెండు పరికరాల్లోని ఫోల్డర్లను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము కావాలి. సొంత సర్వర్‌లో ఫైళ్లు, ఫోటోలు దాచే నెక్స్ట్‌క్లౌడ్, ఇమ్మిచ్ లాంటివీ ఉన్నాయి, మంచివే. అయినా మొదటిసారి సర్వర్ పెట్టేవారికి నేను సింక్‌థింగ్‌నే చెబుతాను. డేటాబేస్ ఉండదు, డొమైన్ పేరు కొనక్కరలేదు. రేపు ఆ ప్రోగ్రామును తీసేసినా మీ ఫోటోలు మామూలు ఫోల్డర్‌లో మామూలు ఫైళ్లుగానే మిగులుతాయి. ఈ ఒక్క గుణం కోసమే నేను దాన్ని వదలను.

మెనూల పేర్లు తెర మీద ఇంగ్లీషులో కనిపిస్తాయి. ఇక్కడ అవే పేర్లను తెలుగు లిపిలో రాశాను.

ముందే తెలుసుకోవలసిన సంగతి

సింక్, అంటే రెండు చోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచడం, అద్దం లాంటిది. ఫోనులో ఫోటో చేరితే సర్వర్‌లో చేరుతుంది. ఫోనులో ఫోటో చెరిపేస్తే సర్వర్‌లోనూ చెరిగిపోతుంది. మా బంధువు ఒకాయన "ఎలాగూ సర్వర్‌లోకి వచ్చేశాయి కదా" అనుకుని, చోటు కోసం ఫోనులోని వేల ఫోటోలు తీసేశారు. సాయంత్రానికి సర్వర్‌లోని ఫోల్డరూ ఖాళీ అయింది. చెరిపిన ఫైళ్లను పక్కన దాచే ఏర్పాటు ముందే పెట్టి ఉండబట్టి కూతురి పెళ్లి ఫోటోలు దక్కాయి. ఆ ఏర్పాటు 6వ మెట్టులో ఉంది. అసలు రక్షణ 9వ మెట్టులో ఉంది. ఈ రెండూ చేసే ఓపిక లేకపోతే ఈ పని మొదలుపెట్టవద్దనే నా సలహా.

కావలసినవి

- 64 బిట్ ల్యాప్‌టాప్, కనీసం 4 జీబీ ర్యామ్. తెర పగిలినా, కీబోర్డులో కొన్ని మీటలు పనిచేయకపోయినా ఫరవాలేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం టీవీనో, వేరే కీబోర్డునో తగిలించుకోండి.
- బ్యాటరీ అరగంటైనా నిలవాలి. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ల్యాప్‌టాప్‌కు ఉన్న గొప్ప సౌకర్యం ఇదే.
- 1 టీబీ యూఎస్‌బీ డిస్కులు రెండు. ఒకటి సర్వర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచేందుకు, రెండోది బీరువాలో పెట్టుకునేందుకు.
- 8 జీబీ పెన్ డ్రైవ్.
- ఇంట్లో వైఫై రౌటర్. వీలైతే రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు లాన్ కేబుల్.

కరెంటు ఖర్చు గురించి కూడా అడుగుతుంటారు. తెర ఆర్పి ఊరికే నడిచే ల్యాప్‌టాప్ సుమారు 12 వాట్లు తీసుకుంటుందనుకుంటే, నెలకు 9 యూనిట్ల లోపే.

రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ ఉన్నవారు దానితోనూ చేయవచ్చు. డిస్కుకు సరిపడా కరెంటు అందక అది మధ్యలో ఊడిపోవడం అక్కడ ఎక్కువగా చూసే తిప్పలు. సొంతంగా కరెంటు తీసుకునే యూఎస్‌బీ హబ్ వాడండి.

మెట్టు 1: ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేయండి

లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ రకాన్ని పెన్ డ్రైవ్ మీదకు రాసుకుని ఇన్‌స్టాల్ చేయండి. హెచ్చరిక: ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా పోతుంది. పాత ఫైళ్లు ఏమైనా ఉంటే ముందే బయటికి తీసుకోండి.

ఇన్‌స్టాల్ అయ్యాక రెండు మార్పులు చేయాలి. పవర్ మేనేజర్‌లో సస్పెండ్‌ను పూర్తిగా ఆపండి, మూత మూసినప్పుడు ఏమీ చేయవద్దని పెట్టండి. తర్వాత యూజర్ పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా లాగిన్ అయ్యేలా చేయండి. లేకపోతే మెషీను రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి పాస్‌వర్డ్ కొట్టేదాకా సింక్ మొదలుకాదు. నేరుగా లాగిన్ అయితే ఆ మెషీను ముందు కూర్చున్నవారెవరికైనా అది తెరుచుకుంటుంది. కాబట్టి దాన్ని హాల్లో పెట్టకుండా లోపలి గదిలో పెట్టండి. హాస్టల్లోనో, నలుగురు పంచుకునే గదిలోనో ఉండేవారు ఈ మార్పు చేయకండి.

ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి ఉంచితే పాత బ్యాటరీ ఉబ్బవచ్చు. బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే మూల సెట్టింగుల్లో) ఛార్జింగును 60 లేదా 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటే పెట్టండి. కీబోర్డు కింద ఉబ్బెత్తుగా కనిపిస్తే, మూత సరిగా పడకపోతే, ఆ బ్యాటరీని వెంటనే తీయించండి. ఆ తర్వాత చూద్దామని వదిలేసే విషయం కాదది.

మెట్టు 2: డిస్కుకు చోటు ఖాయం చేయండి

డిస్క్స్ అనే ప్రోగ్రాము తెరిచి, మొదటి యూఎస్‌బీ డిస్కును లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేయండి. దానికి ఒక పేరు పెట్టండి. ఎడిట్ మౌంట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, మెషీను మొదలవగానే డిస్కు తెరుచుకునేలా టిక్ పెట్టండి.

పాత డిస్కు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉంటే అలాగే వాడేయాలనిపిస్తుంది. వద్దు. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. 4కె వీడియో పది, పన్నెండు నిమిషాలు తీస్తే ఆ హద్దు దాటిపోతుంది. పుట్టినరోజు వీడియో ఒక్కటే ఎందుకు రావడం లేదో అర్థం కాక వారాలు తలపట్టుకున్నవారు ఉన్నారు.

మెట్టు 3: సర్వర్‌లో సింక్‌థింగ్

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో సింక్‌థింగ్ అని వెతికి ఇన్‌స్టాల్ చేయండి. సెషన్ అండ్ స్టార్టప్‌లోని అప్లికేషన్ ఆటోస్టార్ట్ జాబితాలో స్టార్ట్ సింక్‌థింగ్‌ను చేర్చండి. ఒకసారి రీస్టార్ట్ చేసి, అదే ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి 127.0.0.1:8384 అని కొట్టండి. సింక్‌థింగ్ పేజీ వస్తే ఈ మెట్టు అయినట్టే.

వెంటనే సెట్టింగ్స్‌లోని జీయూఐ భాగంలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. ఈ పేజీని ఇంటర్నెట్‌కు తెరిచే పని ఎన్నడూ చేయకండి. ఎక్కడో చదివి, రౌటర్‌లో 8384 పోర్టును (నెట్‌వర్క్ రాకపోకలకు నంబరు వేసిన ద్వారాన్ని) బయటికి వదిలేవారు కనిపిస్తుంటారు. అది ఇంటి తాళంచెవి గుమ్మానికి వేలాడదీయడమే.

మెట్టు 4: ఫోనులో సింక్‌థింగ్

సింక్‌థింగ్ బృందం తమ అసలు ఆండ్రాయిడ్ యాప్‌ను 2024 డిసెంబరుతో ఆపేసింది. పాత వ్యాసాలు చూసి దాన్నే వెతుక్కోకండి. ఇప్పుడు వాడవలసింది సింక్‌థింగ్-ఫోర్క్. ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ నిలయంలో దొరుకుతుంది.

యాప్ తెరవగానే కొన్ని అనుమతులు అడుగుతుంది. అన్ని ఫైళ్లనూ చూసే అనుమతి ఇవ్వక తప్పదు. బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు కూడా తప్పనిసరి. లొకేషన్ అనుమతి మాత్రం మీ ఇష్టం. ఫలానా వైఫైలో ఉన్నప్పుడే నడవాలని పెట్టుకునేవారికే అది అవసరం, ఎందుకంటే వైఫై పేరు తెలుసుకోవాలంటే ఆండ్రాయిడ్ లొకేషన్ అనుమతి అడుగుతుంది.

రన్ కండిషన్స్‌లో వైఫై ఉన్నప్పుడు మాత్రమే నడిచేలా పెట్టండి. మరిచిపోతే రోజువారీ మొబైల్ డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది.

మెట్టు 5: రెండింటినీ పరిచయం చేయండి

ల్యాప్‌టాప్ పేజీలో యాక్షన్స్, ఆపైన షో ఐడీ నొక్కండి. క్యూఆర్ కోడ్ వస్తుంది. ఫోనులో డివైసెస్ భాగంలో ప్లస్ గుర్తు నొక్కి ఆ కోడ్‌ను స్కాన్ చేయండి. కెమెరా పనిచేయకపోతే ఏడేసి అక్షరాల ఎనిమిది గుంపులుగా ఉండే ఐడీని జాగ్రత్తగా కొట్టుకోవచ్చు. కొద్దిసేపట్లో ల్యాప్‌టాప్ పేజీలో కొత్త డివైస్ కలవాలనుకుంటోందని కబురు వస్తుంది. యాడ్ డివైస్ నొక్కి, ఫోనుకు అర్థమయ్యే పేరు పెట్టండి. 'అమ్మ ఫోను', 'నాన్న ఫోను' అని పెడితే రేపు వెతుకులాట ఉండదు.

కబురు రాకపోతే ఎక్కువసార్లు తప్పు రౌటర్‌ది. ఫోను గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ వైఫైలో పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా రౌటర్ సాధారణంగా అడ్డుకుంటుంది. ఏపీ ఐసొలేషన్ అనే సెట్టింగ్ ఆన్ అయి ఉన్నా ఇదే గతి. మింట్‌లో ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను అడ్డుకునే రక్షణ) ఆన్ చేసి ఉంటే 22000 పోర్టును టీసీపీ, యూడీపీ అనే రెండు రకాల రాకపోకలకూ, 21027ను యూడీపీకి వదలండి.

మెట్టు 6: కెమెరా ఫోల్డర్, దాని రక్షణ

ఈ మెట్టును తొందర లేకుండా చేయండి. ఫోనులో కొత్త ఫోల్డర్ చేర్చి, ఫోటోలుండే డీసీఐఎం ఫోల్డర్‌లోని కెమెరాను చూపండి. రకం సెండ్ ఓన్లీ. పంచుకునే పరికరాల్లో మీ ల్యాప్‌టాప్‌ను ఆన్ చేయండి.

ల్యాప్‌టాప్‌లో కొత్త ఫోల్డర్ కబురు వస్తుంది. యాడ్ నొక్కగానే పెట్టె తెరుచుకుంటుంది. అందులో మూడు చోట్ల చేయి పెట్టాలి.

మొదటిది ఫోల్డర్ పాత్. అది చూపే చోటు ల్యాప్‌టాప్ లోపలి డిస్కు. దాన్ని మార్చి యూఎస్‌బీ డిస్కులోని ఫోల్డర్‌ను రాయండి. ఒక్కో ఫోనుకు ఒక్కో ఫోల్డర్.

రెండోది ఫైల్ వర్షనింగ్, అంటే చెరిగిన, మారిన ఫైళ్ల పాత ప్రతులను పక్కన దాచే ఏర్పాటు. ఫోటోలకు ట్రాష్ క్యాన్ పద్ధతి చాలు. ఎన్ని రోజులు దాచాలన్న చోట సున్నా పెడితే ఎప్పటికీ దాచి ఉంచుతుంది. డిస్కు నిండుతుందని భయమైతే 365 పెట్టండి, అంతకు తగ్గించకండి. తరచూ మారే డాక్యుమెంట్లకు స్టాగర్డ్ పద్ధతి మంచిది. అది పాత ప్రతులను గంటకు, రోజుకు, వారానికి ఒకటి చొప్పున పలచబరుస్తూ దాస్తుంది.

మూడోది అడ్వాన్స్‌డ్‌లో ఫోల్డర్ టైప్. రిసీవ్ ఓన్లీ పెట్టండి.

ఇక్కడొక అపోహ బలంగా ఉంది. సర్వర్‌ను రిసీవ్ ఓన్లీ చేస్తే ఫోనులో చెరిపినా సర్వర్‌లో చెరగదని చాలామంది నమ్ముతారు. నిజం కాదు. సర్వర్ వైపు జరిగే మార్పులు ఫోనుకు వెళ్లకుండా ఆపడమే దాని పని. చెరపమన్న ఆదేశం ఫోను నుంచి వస్తే సర్వర్ దాన్ని పాటిస్తుంది. మిమ్మల్ని కాపాడేది వర్షనింగ్.

చెరిగిన ఫైళ్లు అదే ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే దాపుడు ఫోల్డర్‌లోకి చేరతాయి. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే కనిపిస్తుంది. సింక్‌థింగ్ పేజీలో ఆ ఫోల్డర్ కిందనే ఉండే వర్షన్స్ బటన్‌తో కూడా వెనక్కి తెచ్చుకోవచ్చు.

మెట్టు 7: మొదటి కాపీ

ఫోనును ఛార్జింగులో పెట్టి, రౌటర్ దగ్గరే ఉంచండి. 60 జీబీ ఫోటోలున్నాయనుకుందాం. 5 గిగాహెర్ట్జ్ వైఫైలో సెకనుకు 20 ఎంబీ చొప్పున వెళితే 50 నిమిషాలు. 2.4 గిగాహెర్ట్జ్‌లో సెకనుకు 4 ఎంబీ మాత్రమే వస్తే నాలుగు గంటల పైమాట. మధ్యలో ఆగినా నష్టం లేదు. ఫైలును ముక్కలుగా చేసి, ప్రతి ముక్కనూ ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో సరిచూసుకుంటుంది కాబట్టి ఆగిన చోటి నుంచే సాగుతుంది.

మెట్టు 8: ఫోను యాప్‌ను చంపేయకుండా చూడండి

"మొదటి రోజు బాగానే వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి." నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇదే. తెర ఆరిన కాసేపటికి వెనక నడిచే యాప్‌లను ఆపేసే ఫోన్లు మన దగ్గర ఎక్కువ. షావోమీ, ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లలో బ్యాటరీ మినహాయింపుతో పాటు ఆటోస్టార్ట్ అనుమతి కూడా విడిగా ఇవ్వాలి. ఇటీవలి యాప్‌ల జాబితాలో యాప్‌కు తాళం వేసే వీలుంటే అదీ వేయండి. అన్నీ చేసినా ఆగిపోతుంటే, రాత్రి ఛార్జింగులో పెట్టేటప్పుడు ఒకసారి యాప్ తెరిచి మూయడం అలవాటు చేసుకోండి. అది ఓటమి కాదు. రోజుకోసారి సింక్ అయితే ఫోటోలకు సరిపోతుంది.

మెట్టు 9: భద్రపెట్టె

నెలకోసారి రెండో డిస్కును ల్యాప్‌టాప్‌కు తగిలించి, సింక్ ఫోల్డర్‌లోని కొత్త ఫోటోలను సంవత్సరం, నెల పేర్లున్న ఫోల్డర్లలోకి కాపీ చేయండి. ఆపైన డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టండి. ఈ డిస్కు సంగతి సింక్‌థింగ్‌కు తెలియకూడదు. వీలైతే ఏడాదికోసారి మరో ప్రతి తీసి ఊళ్లో ఉన్న అన్నయ్య ఇంట్లోనో, అక్క ఇంట్లోనో ఉంచండి. దొంగతనం, వరద, పిడుగు ఒకే ఇంటి మీద పడినప్పుడు ఆ ప్రతి మిగులుతుంది.

కాపీ చేయండి, కట్ చేయకండి. ఫోల్డర్ నుంచి ఫైళ్లు తీసేస్తే సర్వర్ తన దగ్గర తేడా ఉందని గుర్తించి, రివర్ట్ లోకల్ ఛేంజెస్ అనే బటన్‌ను చూపిస్తుంది. దాన్ని నొక్కితే తీసేసినవి ఫోను నుంచి మళ్లీ వస్తాయి. మీరు సర్వర్ వైపు ఆ ఫోల్డర్‌లో కొత్తగా చేర్చినవి ఉంటే అవి చెరిగిపోతాయి. ఫోను వైపు కనిపించే ఓవర్‌రైడ్ ఛేంజెస్ కూడా ఇలాంటిదే. ఎర్రగా కనిపించిన బటన్ నొక్కేస్తే సరైపోతుందనుకోవద్దు. అది ఏం చేయబోతోందో తెలియనప్పుడు నొక్కకండి, ఆ ఫోల్డర్‌ను పాజ్‌లో పెట్టి ఆలోచించండి.

చోటు కోసం ఫోనులో ఫోటోలు చెరిపే పని భద్రపెట్టెలోకి ఎక్కాకనే.

మిగతా ఫైళ్లు

వాట్సాప్ ఫోటోలు ఆండ్రాయిడ్ 11 నుంచి ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోని మీడియా అనే లోపలి చోటుకు మారాయి. పాత చోట వెతికి లేవనుకోకండి. వాటిని కూడా కెమెరా లాగే సెండ్ ఓన్లీగా పంపవచ్చు. వాటి ఫైలు పేర్లు మార్చకండి. వాట్సాప్ మామూలుగా పంపిన ఫోటోలో తీసిన తేదీ వివరం మిగలదు. ఫైలు పేరులోని తేదీయే మీకున్న ఏకైక ఆధారం, అది కూడా ఫోటో మీకు అందిన తేదీ మాత్రమే. సంభాషణల డేటాబేస్ ఫైళ్లు తాళం వేసి ఉంటాయి. సర్వర్‌లో తెరిచి చదువుకునేందుకు పనికిరావు.

ఫోను నంబర్లకు సులువైన దారి ఇది. కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చే వీసీఎఫ్ ఫైలును సింక్ అయ్యే డాక్యుమెంట్ల ఫోల్డర్‌లో పెట్టండి. పేర్లు తెలుగులో దాచుకున్నవారికి ఒక మాట. ఆ ఫైలును తెరిచి చూస్తే కొన్ని ఫోన్లలో తెలుగు పేరున్న చోట సమానం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు వరుసగా కనిపిస్తాయి. పాడైందని భయపడకండి. అది ఆ ఫైలు తెలుగును రాసుకునే తీరు. మరో ఫోనులో ఇంపోర్ట్ చేస్తే పేర్లు సరిగ్గా వస్తాయి. ఆ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేస్తే మాత్రం నిజంగానే పాడవుతుంది.

నంబర్లు, క్యాలెండర్ ఎప్పటికప్పుడు దానంతట అవే సింక్ కావాలంటే సర్వర్‌లో వాటిని దాచే రాడికేల్ లేదా నెక్స్ట్‌క్లౌడ్, ఫోనులో డావ్ఎక్స్5 అనే యాప్ కావాలి. ఈ పనంతా నెల రోజులు కుదురుగా నడిచాక దాని జోలికి వెళ్లండి.

తరచూ ఎదురయ్యే చిక్కులు

ఫోల్డర్ మార్కర్ మిస్సింగ్ అని వస్తే: డిస్కు ఊడి ఉంటుంది. ప్రతి ఫోల్డర్‌లోనూ సింక్‌థింగ్ ఒక చిన్న గుర్తు పెట్టుకుంటుంది. అది కనిపించకపోతే, ఫైళ్లన్నీ చెరిగిపోయాయని పొరబడకుండా అక్కడికక్కడ ఆగిపోతుంది. మిమ్మల్ని రక్షించిన ఏర్పాటు అది. ఆ గుర్తును చేత్తో సృష్టించే చిట్కాలు వినకండి. ముందు కేబుల్ చూడండి, డిస్కు తెరుచుకుందో లేదో చూడండి.

పర్మిషన్ డినైడ్ అని వస్తే: డిస్కులో రాసే హక్కు మీ యూజర్‌కు లేదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో యజమాని ఎవరో చూసి మార్చుకోండి.

ఒకటి రెండు ఫైళ్లు మాత్రమే రాకుండా మిగిలితే: ఫెయిల్డ్ ఐటమ్స్ అన్న చోట నొక్కి పేర్లు చూడండి. తెలుగు పేర్లు వాడేవారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇక్కడుంది. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకు, పొల్లుకు విడివిడిగా 3 బైట్లు పడతాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలోనే అలాంటివి ఆరున్నాయి, అంటే 18 బైట్లు. మొత్తం 85 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. విండోస్‌లో ఈ లెక్క వేరు కాబట్టి, అక్కడ పొడవైన తెలుగు పేరుతో దాచిన పీడీఎఫ్ లినక్స్ సర్వర్‌లోకి ఎక్కదు. పేరు కుదించండి. సర్వర్ విండోస్‌లో ఉంటే మరో రకం చిక్కు వస్తుంది. కొన్ని రికార్డింగ్ యాప్‌లు ఫైలు పేరులో సమయాన్ని కోలన్ గుర్తుతో రాస్తాయి, విండోస్ దాన్ని ఒప్పుకోదు.

ఒకే ఫైలుకు సింక్ కాన్‌ఫ్లిక్ట్ అన్న పేరుతో రెండో ప్రతి కనిపిస్తే: రెండు చోట్ల ఒకేసారి మార్చారన్నమాట. రెండూ తెరిచి చూసి, అక్కరలేనిది మీరే తీసేయండి.

ఇంట్లోవారి ఫోటోలన్నీ అందరి ఫోన్లలోకీ వచ్చేస్తే: అన్ని ఫోన్లనూ ఒకే ఫోల్డర్‌కు సెండ్ అండ్ రిసీవ్‌గా కలిపారు. వెంటనే పాజ్ చేసి, 6వ మెట్టులో చెప్పినట్టు విడదీయండి.

యాప్ డేటా క్లియర్ చేసినా, యాప్ తీసి మళ్లీ వేసినా ఫోనుకు కొత్త ఐడీ వస్తుంది. పాతదాన్ని సర్వర్‌లో తొలగించి 5వ మెట్టు మళ్లీ చేయాలి. సింక్‌థింగ్ పేజీలో ఫోల్డర్‌ను తొలగించినా సర్వర్‌లోని ఫైళ్లు అలాగే ఉంటాయి.

సరిగ్గా పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

అప్ టు డేట్ అన్న పచ్చ అక్షరాలను చూసి తృప్తి పడకండి. సింక్‌థింగ్ తనకు చూపిన ఫోల్డర్ గురించే ఆ మాట చెబుతుంది. మీరు తప్పు ఫోల్డర్ చూపించి ఉంటే, అదీ పచ్చగానే ఉంటుంది. ఈ నాలుగూ చేయండి.

ఒకటి, ఫోనులో ఫోటో తీసి, దాన్ని ల్యాప్‌టాప్‌లో ఫైల్ మేనేజర్‌తో తెరవండి. వీడియోతో కూడా చేయండి, చివరి దాకా నడిపి చూడండి.

రెండు, ఫోను ఫైల్ మేనేజర్‌లో కెమెరా ఫోల్డర్‌లోని ఫైళ్ల సంఖ్య, సర్వర్‌లోని సంఖ్య పోల్చండి. కొద్ది తేడా ఉంటే దాపుడు ఫైళ్లు కారణం కావచ్చు. ఆండ్రాయిడ్ 11 తర్వాత చాలా ఫోన్లలో గ్యాలరీలో చెరిపిన ఫోటో వెంటనే పోదు. చుక్కతో మొదలయ్యే పేరు తగిలించుకుని 30 రోజులు అక్కడే ఉంటుంది.

మూడు, పనికిరాని ఫోటో ఒకటి తీసి, సింక్ అయ్యాక ఫోనులో చెరపండి, ఫైల్ మేనేజర్‌తో పూర్తిగా చెరపండి. సర్వర్‌లో అది మాయమై దాపుడు ఫోల్డర్‌లో కనిపించాలి. అక్కడి నుంచి వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి. ఇది చేయనిదే మీ వర్షనింగ్ పనిచేస్తోందని నమ్మకండి.

నాలుగు, ఛార్జర్ పీకి, ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి, ఏమీ ముట్టుకోకుండా పది నిమిషాలు ఆగండి. ఫోనులోని యాప్‌లో ల్యాప్‌టాప్ దానంతట అదే కలిసినట్టు కనిపించాలి. డిస్కు తెరుచుకుందో లేదో కూడా చూడండి.

ఇంటికి దూరంగా ఉన్నప్పుడు

సింక్‌థింగ్ ఇంటి బయటి నుంచి కూడా పనిచేస్తుంది. నేరుగా దారి దొరకనప్పుడు, మధ్యలో ఉండి ఫైళ్లను అందించే రిలే సర్వర్ల మీదుగా వెళుతుంది. ఫైళ్లు తాళం వేసే వెళతాయి కాబట్టి రిలే నడిపేవారు వాటిని చదవలేరు. వేగం మాత్రం తక్కువ. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో అనేక ఇళ్లకు కలిపి ఒకే ఐపీవీ4 చిరునామా (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబరు) ఉంటుంది. అందుకే రౌటర్‌లో పోర్టు తెరిచినా ఉపయోగం ఉండదు. హైదరాబాద్‌లో ఉద్యోగం, సర్వర్ సొంత ఊళ్లో అయితే దూరంగా ఉన్న పరికరాలను ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలిపే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకోవచ్చు. ఇంట్లో మాత్రమే వాడేవారు సెట్టింగ్స్‌లో గ్లోబల్ డిస్కవరీ, రిలేయింగ్ రెండూ ఆపేయండి.

ఐఫోను ఉంటే

ఇదే పద్ధతి ఐఫోనుకు నేను సూచించను. మోబియస్ సింక్ అనే యాప్ ఉంది. కానీ వెనక నడిచే యాప్‌లకు ఐఓఎస్ పెట్టే హద్దుల వల్ల తరచూ తెరుస్తూ ఉండాలి. ఐఫోను ఉన్న ఇంట్లో ఫోటోల వరకు ఇమ్మిచ్ లేదా నెక్స్ట్‌క్లౌడ్ నయం. నంబర్లు, క్యాలెండర్ కోసం కార్డ్‌డావ్, కాల్‌డావ్ అనే సింక్ పద్ధతులు ఐఫోను సెట్టింగ్స్‌లోనే ఉన్నాయి. వేరే యాప్ అక్కరలేదు.

పాత ఫోను అమ్మే ముందు

వరుస తప్పకుండా చేయండి. ముందు సింక్ పూర్తయిందో లేదో చూసి, ఫైళ్ల సంఖ్య పోల్చండి. రెండో డిస్కులోకి కాపీ తీసి, అందులో అక్కడక్కడా పది ఫోటోలు, రెండు వీడియోలు తెరిచి చూడండి. ఆ తర్వాత సర్వర్ పేజీలో ఆ ఫోనును తొలగించండి. అప్పుడే ఫోనులో సింక్‌థింగ్-ఫోర్క్‌ను తీసేసి, చివరగా ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. యాప్ ఇంకా నడుస్తుండగా "ముందు ఫోటోలు చెరిపేద్దాం" అని గ్యాలరీలోకి వెళ్లకండి.